నాలుగు బల్బులు వెలిగిన చోట

కిందటి వేసవిలో సాల్ట్ లేక్ సిటీలో ఉన్న మా చెల్లెలి ఇంటికి వెళ్ళొచ్చాం కదా. ఆ కబుర్లు రాస్తానని చెప్పి చాలా రోజులైంది. ఎల్లోస్టోన్ ఫొటోలు మీరందరూ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అందుకని ఈసారి అక్కడికి వెళ్ళినవాళ్ళు కూడా సాధారణంగా ఆగని ఒక చోటు గురించి రాస్తున్నాను. అది ఇటుకలతో కట్టిన పాత అణువిద్యుత్ కేంద్రం.

అమెరికా వెళ్ళి అణువిద్యుత్ కేంద్రం చూడటమేమిటని నవ్వకండి. దానికి కారణం మా పిన్ని.

మా పిన్నిది శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం. కొవ్వాడ దగ్గర అణువిద్యుత్ కేంద్రం కడతారన్న మాట అక్కడ ఏళ్ళ తరబడి వినిపిస్తూనే ఉంది. ఆరు రియాక్టర్లు, ఒక్కొక్కటీ 1208 మెగావాట్లు అని ప్రణాళిక. పిన్ని వాళ్ళ ఊరు ఖాళీ చేయాల్సిన ఊళ్ళలో లేదు. పక్కన ఉండిపోయే ఊళ్ళలో ఉంది. వెళ్ళిపోయేవాళ్ళకి పరిహారం ఎంత, ఇల్లెక్కడ అని అడగడానికైనా ఉంటుంది. ఉండిపోయేవాళ్ళకి ఏం అడగాలో కూడా తెలియదు.

ప్రయాణానికి ముందు ఫోన్ చేసినప్పుడు, దారిలో అలాంటిదొకటి చూస్తామని చెప్పాను. పిన్ని ఒక్క క్షణం ఆగి, "అయితే నువ్వు సదువుకున్నదానివి కదమ్మా, అది మంచిదో సెడ్డదో సూసొచ్చి సెప్పు" అంది. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, నాకేం తెలుస్తుంది? కానీ పిన్నికి ఆ మాట చెప్పలేకపోయాను. సరేనన్నాను.

సాల్ట్ లేక్ సిటీ నుంచి ఉత్తరంగా మూడు గంటలు వెళితే ఐడహో రాష్ట్రంలో బ్లాక్‌ఫుట్ అనే ఊరు వస్తుంది. అక్కడ బంగాళదుంపల మ్యూజియం ఉంది. ఐడహో అంటేనే బంగాళదుంప. మా అమ్మాయి అక్కడ దిగి ఫొటోలు దిగింది, నేను వేపుడు గురించి ఆలోచించాను. అక్కడి నుంచి రోడ్డు పడమర వైపు తిరిగాక పచ్చటి పొలాలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఇక చూసినంత మేర బూడిదరంగు పొదలు, నల్లటి లావా రాళ్ళు, దూరంగా మొండి కొండలు. దారిలో 'అటామిక్ సిటీ' అని బోర్డు కనిపించింది. సిటీ అంటే ఏమో అనుకున్నాం. పట్టుమని యాభైమంది కూడా లేని ఊరది. దాని అసలు పేరు మిడ్‌వే. అణుకేంద్రం వస్తుంది, ఊరు పెరుగుతుంది అన్న ఆశతో 1950లో పేరు మార్చుకున్నారు. కేంద్రం వచ్చింది కానీ ఊరు పెరగలేదు. ఈ సంగతి మనసులో పెట్టుకున్నాను.

ఆ ఎడారి అంతకు ముందు ఎందుకు పనికొచ్చిందో తెలుసా? రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో నౌకాదళం వాళ్ళు యుద్ధనౌకల మీద ఉండే పెద్ద ఫిరంగులను బాగుచేసి, సరిగ్గా పేలుతున్నాయో లేదో ఇక్కడికి తెచ్చి చూసుకునేవారు. జనం లేని నేల కదా అని 1949లో దాన్నే అణు రియాక్టర్ల ప్రయోగాలకు ఎంచుకున్నారు. సుమారు 890 చదరపు మైళ్ళ నేల. తర్వాతి కాలంలో అందులో యాభైకి పైగా రియాక్టర్లు కట్టారు. నిజానికి జనం లేని నేల అనడానికీ లేదు. అది తరతరాలుగా షోషోనీ, బానక్ తెగల వాళ్ళు వేటకీ, వలసకీ తిరిగిన నేల. వాళ్ళ రిజర్వేషన్ మీదుగానే మా కారు వచ్చింది.

మేం చూసిన కేంద్రం పేరు ఎక్స్‌పెరిమెంటల్ బ్రీడర్ రియాక్టర్-1. అందరూ ఈబీఆర్-1 అంటారు. వేసవి నెలల్లో తెరుస్తారు, టికెట్ లేదు. బయటి నుంచి చూస్తే పాత సినిమా హాలులా ఉంది. ఆవరణలో రెండు భారీ యంత్రాలు ఉన్నాయి. అణుశక్తితో విమానం నడపాలని ప్రయత్నించి, 1961లో వదిలేసిన పథకం తాలూకు ఇంజన్లట అవి. మా ఆయన వాటి చుట్టూ ప్రదక్షిణ చేస్తుండిపోయారు. నేను, చెల్లి, మా అమ్మాయి లోపలికి వెళ్ళాం.

1951 డిసెంబరు 20వ తేదీ మధ్యాహ్నం 1 గంటా 50 నిమిషాలకు ఇక్కడ నాలుగు బల్బులు వెలిగాయి. ఒక్కొక్కటీ 200 వాట్లు. అంతకు మూడేళ్ళ ముందు మరోచోట అణువేడితో చిన్న బల్బు వెలిగించి చూశారు కానీ, పనికొచ్చేంత కరెంటు అణువు నుంచి పుట్టడం ప్రపంచంలో అదే మొదటిసారి. మర్నాడు ఆ భవనానికి కావలసిన కరెంటంతా అదే ఇచ్చుకుంది. వాల్టర్ జిన్ అనే శాస్త్రవేత్త ఆ బృందానికి పెద్ద. ఆ సంతోషంలో ఆయనా, బృందంలోని మిగతావాళ్ళూ సుద్దముక్క తీసుకుని గోడ మీద తమ పేర్లు రాశారు. ఆ పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. మన ఇళ్ళలో పిల్లల ఎత్తు గుర్తుపెట్టిన గోడకి సున్నం వేయనివ్వం చూడండి, అలా దాచుకున్నారు. మా అమ్మాయి పేర్లన్నీ చదివి, "అమ్మా, ఒక్క ఆడపేరు కూడా లేదు" అంది. నేనూ చూశాను. లేదు.

ఇంతకీ కరెంటు ఎలా పుట్టిందంటే, చివరికి అదీ పొయ్యి మీద నీళ్ళు కాచడమే. కట్టెలు, బొగ్గు బదులు యురేనియం. యురేనియం అణువులు పగిలినప్పుడు బోలెడు వేడి పుడుతుంది. ఆ వేడితో నీళ్ళు ఆవిరవుతాయి, ఆవిరి టర్బైన్‌ని తిప్పుతుంది. మన విజయవాడ థర్మల్ స్టేషన్‌లో జరిగేదీ అదే, పొయ్యి వేరు. ఇక్కడి పొయ్యి, అంటే యురేనియం ఉన్న భాగం, మనం నీళ్ళు పట్టుకునే బిందె కన్నా చిన్నది. అందులోంచి వేడిని బయటికి తేవడానికి నీళ్ళు కాకుండా సోడియం, పొటాషియం కలిసిన ద్రవలోహం వాడారు. అది నీళ్ళు తగిలితే భగ్గుమనే సరుకు. అందుకని మధ్యలో రెండో గొట్టాల వరుస పెట్టి, ఎంతో జాగ్రత్తగా ఆ వేడిని నీళ్ళకి అందించేవారు.

'బ్రీడర్' అన్న మాటకి అర్థం మా మరిది ఇంగ్లీషులో చెబితే నాకు ఎక్కలేదు. కాసేపు ఆలోచించి, "పాలు తోడు పెట్టడం లాంటిదా?" అన్నాను. "అదే వదినా" అన్నాడు నవ్వుతూ. సహజ యురేనియంలో పొయ్యిలో మండేది వందకి ఒక పాలు కూడా ఉండదు. మిగతాదంతా దానంతట అది మండదు. పాలలాంటి ఆ మిగతా యురేనియాన్ని మండే రియాక్టరు చుట్టూ పెడితే, అందులో కొంత ప్లుటోనియంగా మారుతుంది. అది మళ్ళీ ఇంధనమే. ఇవాళ తినడానికి పెరుగూ వచ్చింది, రేపటికి తోడూ మిగిలిందన్నమాట. వాడినంత ఇంధనం తిరిగి పుడుతుందని ఈబీఆర్-1 లోనే 1953లో రుజువైంది. నిజానికి ఈ రియాక్టరు కట్టింది ఆ సంగతి తేల్చుకోవడానికే, కరెంటు కోసం కాదు. మన కల్పాక్కంలో 1985 నుంచి ఉన్న చిన్న ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు, దాని పక్కన కట్టిన 500 మెగావాట్ల పెద్దదీ ఈ వంశంవే.

అయితే పొయ్యి అన్నాక పొంగడమూ ఉంటుంది. 1955 నవంబరు 29న ఒక పరీక్ష చేస్తూ, వేడిని లాగేసే ద్రవం ప్రవాహం తగ్గించారు. రియాక్టర్ని తక్షణం ఆపాల్సిన చోట, నెమ్మదిగా ఆపే మీట వాడారు. కొద్ది సెకన్ల తేడా. ఇంధనం దాదాపు సగం కరిగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కొత్త ఇంధనం అమర్చి మళ్ళీ నడిపారు. 1963 చివర్లో ఆపేశారు. 1966లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వచ్చి దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా అంకితం చేశారు. నడిచింది మొత్తం పన్నెండేళ్ళు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

కంట్రోల్ రూమ్‌లో ఆ మీటలు, గుండ్రటి మీటర్లు అలాగే ఉన్నాయి. అక్కడ నిలబడి, పిన్నికి ఇందులో ఏం చెప్పను అనుకుంటున్నాను. అప్పుడు మా ఆయన వచ్చి ఒక సంగతి చెప్పారు. కొవ్వాడకి అనుకున్నది ఈ రకం కాదు, ఒత్తిడిలో ఉన్న నీటితో చల్లబరిచే రకం. ఆ రకానికి మూలం కూడా ఈ ఎడారిలోనే ఉందట. నాటిలస్ అనే మొదటి అణు జలాంతర్గామి కోసం వెస్టింగ్‌హౌస్ వాళ్ళు ముందుగా నేల మీద ఒక నమూనా రియాక్టరు కట్టి 1953లో ఇక్కడే నడిపి చూశారు. సముద్రం లేని ఎడారిలో జలాంతర్గామి ఇంజను! కొవ్వాడకి అనుకున్న ఆరూ ఆ వెస్టింగ్‌హౌస్ వాళ్ళ రియాక్టర్లే. ఈ ఎడారికీ మా పిన్ని వాళ్ళ ఊరికీ చుట్టరికం ఉందన్నమాట. ఇంక నాకు శ్రద్ధ పెరిగింది.

అక్కడి నుంచి ఇరవై నిమిషాల్లో ఆర్కో చేరాం. ప్రపంచంలో అణుశక్తితో వెలిగిన మొదటి పట్టణం అని టౌన్ హాలు మీద రాసుకున్నారు. 1955 జులై 17 రాత్రి, బోరాక్స్-3 అనే మరో ప్రయోగ రియాక్టరు నుంచి గంటకు పైగా ఆ ఊరికంతటికీ కరెంటు ఇచ్చారు. రష్యాలో ఓబ్నిన్స్క్ కేంద్రం అంతకు ఏడాది ముందే కరెంటు ఇచ్చింది కానీ, ఒక ఊరు ఊరంతా అణువిద్యుత్తుతోనే వెలగడం ఆర్కోతోనే మొదలంటారు. ఆ వార్తను ఆగస్టులో జెనీవాలో జరిగిన ఐక్యరాజ్యసమితి అణుశక్తి మహాసభ సమయంలో లోకానికి చెప్పారు. ఆ సభకి అధ్యక్షుడు మన హోమీ భాభా. చదువుతుంటే గర్వంగా అనిపించింది, అబద్ధమెందుకు.

కానీ ఊరు మాత్రం మన మండల కేంద్రం కన్నా చిన్నది. జనాభా వెయ్యి లోపే. వెనక కొండ మీద పెద్ద పెద్ద అంకెలు తెల్లగా రాసి ఉన్నాయి. ఏటా స్కూలు పూర్తిచేసిన పిల్లలు తమ సంవత్సరం రాసి వెళతారట. వెలిగిన గంట గురించి బోర్డు ఉంది, పిల్లలు రాసి వెళ్ళిన ఏళ్ళు ఉన్నాయి. వాళ్ళలో ఎంతమంది ఈ ఊళ్ళో ఉండిపోయారో అనుకుంటూ శాండ్‌విచ్ తిన్నాను.

ఆ రాత్రి లాడ్జిలో నిద్రపట్టక, ఆ ఎడారి గురించి ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాను. మ్యూజియంలో బల్బులు వెలిగిన కథ చూశాను కదా, మిగతాది అప్పుడు తెలిసింది.

1961 జనవరి 3. గడ్డకట్టే చలి. ఆ ఎడారిలోనే సైన్యం వాళ్ళ చిన్న రియాక్టరు ఎస్ఎల్-1 ఒకటి ఉండేది. ధ్రువప్రాంతాల్లోని రాడార్ కేంద్రాలకు కరెంటు, వేడి ఇవ్వడానికి ఉద్దేశించిన నమూనా. పండగ సెలవుల తర్వాత తిరిగి నడపడానికి సిద్ధం చేస్తూ, మధ్యలో ఉన్న నియంత్రణ కడ్డీని చేత్తో పైకి లాగాలి. నాలుగు అంగుళాలు లాగాల్సింది సుమారు ఇరవై అంగుళాలు లేచింది. రెప్పపాటులో పేలుడు. ముగ్గురు కుర్రాళ్ళు చనిపోయారు. అందరూ ముప్పై లోపు వాళ్ళే. సీసం వేసిన పెట్టెల్లో పెట్టి వాళ్ళని ఖననం చేయాల్సి వచ్చింది.

ఆ తర్వాత జరిగింది చదివి నాకు మనసు మండింది. కడ్డీ అంత పైకి ఎందుకు లేచిందో చెప్పడానికి ఆ గదిలో ఎవరూ మిగల్లేదు. దాంతో పుకార్లు పుట్టాయి. వాళ్ళలో ఒకరి కాపురంలో గొడవలున్నాయని, ఆడదాని విషయంలో కక్షతో కావాలనే లాగాడని. దానికి రుజువంటూ ఎన్నడూ లేదు. దర్యాప్తులో స్పష్టంగా తేలినది వేరు. ఒక్క కడ్డీ పైకి లాగితే చాలు రియాక్టరు అదుపు తప్పేలా దాన్ని కట్టారు. ఆ కడ్డీలు ఇరుక్కుపోతున్నాయని అంతకు ముందే తెలుసు. ఆ తర్వాత కట్టే రియాక్టర్లలో ఏ ఒక్క కడ్డీ బయటికి వచ్చి ఇరుక్కున్నా మిగతావాటితో ఆగిపోయి తీరాలన్నది నియమమైంది. డిజైన్ తప్పు పుస్తకాల్లోకి వెళ్ళింది, పుకారు మాత్రం ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళ మీద మిగిలింది. ఇది మనకి కొత్త కాదు. ఫ్యాక్టరీలో, ఆఫీసులో ఏం జరిగినా "ఇంట్లో ఏదో గొడవట" అనేస్తే పని సులువు.

ఇంకొకటి చదివాను. 1954 నుంచి 1970 దాకా కొలరాడోలోని బాంబుల ఫ్యాక్టరీ నుంచి ప్లుటోనియం అంటిన చెత్తను డ్రమ్ముల్లో, పెట్టెల్లో తెచ్చి, ఈబీఆర్-1కి కొన్ని మైళ్ళ దూరంలోనే గుంటలు తవ్వి పూడ్చారు. ఆ నేల కింద పెద్ద భూగర్భజల నిధి ఉంది. కొండల నుంచి వచ్చే బిగ్ లాస్ట్ రివర్ అనే నది ఆ ఎడారిలోకి వచ్చి ఇంకిపోతుంది. సముద్రం చేరని నది. ఆ ఇంకిన నీళ్ళే దిగువన బావుల్లోంచి పైకి వచ్చి బంగాళదుంప పొలాలను తడుపుతాయి. పొద్దున మా అమ్మాయి ఫొటోలు దిగిన మ్యూజియం గుర్తొచ్చింది.

రైతులు, ఊళ్ళవాళ్ళు, రాష్ట్రప్రభుత్వం చాలా ఏళ్ళు కొట్లాడాక 1995లో గవర్నరు ఫిల్ బాట్, కేంద్రప్రభుత్వం ఒప్పందం రాసుకున్నారు. ఏది ఎప్పటిలోగా తీసేయాలో గడువులతో సహా. పూడ్చినవాటిలో ప్రమాదకరమైనవి ఏరి తవ్వి తీయడం సుమారు 5.7 ఎకరాల మేర సాగి, 2022 నాటికి పూర్తయింది. తీసినదాన్ని న్యూ మెక్సికోలో నేల అడుగున ఉప్పుపొరల్లోకి పంపిస్తున్నారు.

ఇప్పుడు ఆ పన్నెండేళ్ళ లెక్క చూడండి. ఆ బల్బులు వెలిగించిన రియాక్టరు నడిచింది పన్నెండేళ్ళు. ఆ ఎడారిలో తవ్వి తీయడం పూర్తయ్యేసరికి, బల్బులు వెలిగి డెబ్భై ఏళ్ళు. ఆ చెత్త ఈబీఆర్-1ది కాదు, బాంబుల ఫ్యాక్టరీది అని మా ఆయన మర్నాడు సరిదిద్దారు. నిజమే. కానీ నేల ఒక్కటే కదా, కింద నీళ్ళూ ఒక్కటే. వంట ఎంతసేపట్లో అయిందో అందరూ చెబుతారు. అంట్లు ఎంతసేపు తోమారో తోమినవాళ్ళకే తెలుసు. గోడ మీద పేర్లు రాసుకున్నవాళ్ళని నేను తక్కువ చేయడం లేదు. ఆ నాలుగు బల్బులు చూసినప్పుడు నా ఒళ్ళు కూడా పులకరించింది. కానీ ఆ డ్రమ్ములు తవ్వి తీసినవాళ్ళ పేర్లు సుద్దతో రాసిన గోడ ఎక్కడా కనపడలేదు.

తిరిగొచ్చాక పిన్నికి ఫోన్ చేశాను. "సూసొచ్చావా? మంచిదా సెడ్డదా?" అంది వెంటనే.

"పిన్నీ, నువ్వు కాపరానికి వచ్చినప్పుడు మీ ఇంట్లో బుడ్డి దీపమే కదా?" అన్నాను.

"అవును. మసి తుడవలేక సచ్చేదాన్ని. కరెంటు వచ్చిన రోజు పొద్దుపోయేదాకా నిద్రపోనేదు."

"అందుకని కరెంటు వద్దని నేను చెప్పలేను. బొగ్గుతో వచ్చే పొగా మంచిది కాదు. ఇది పొగ లేని పొయ్యి. కానీ దీని బూడిద వేల ఏళ్ళు కాచుకోవాలి. మంచిదా చెడ్డదా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. నువ్వు అది అడక్కు. మూడే అడుగు. వాడేసిన ఇంధనం ఎక్కడ పెడతారు, ఎన్నాళ్ళు పెడతారు? సముద్రంలో, బావుల్లో నీళ్ళు ఎవరు పరీక్ష చేస్తారు, ఆ కాగితం మీకు ఇస్తారా? ఏదైనా తేడా వస్తే మీ ఊరికి ఎంతసేపట్లో చెబుతారు, ఏ దారిన పంపుతారు? జవాబులు నోటితో చెబితే కుదరదు. ఐడహో వాళ్ళు తేదీలతో సహా రాయించుకున్నారు. అది కూడా నలభై ఏళ్ళు ఆలస్యంగా."

పిన్ని కాసేపు ఏమీ అనలేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"అయితే అంట్లు ఎవలు తోమతారో వంటకి ముందే అడగాలంటావు" అంది.

నేను చెప్పని మాట ఆవిడే చెప్పింది. ఆడవాళ్ళం కదా, ఇద్దరికీ ఒకటే తోచింది.

"ఉండు ఉండు, మనవరాల్ని పిలుత్తాను. ఆ మూడూ మళ్ళీ నెమ్మదిగా సెప్పు, పుస్తకంలో రాసుకుంటాది" అంది.

ఆ పిల్ల ఎనిమిదో తరగతి. నేను చెబుతుంటే రాసుకుంది. రాసిందంతా తిరిగి చదివి వినిపించింది. చివర్లో, "అత్తా, కింద ఎవరి పేరు రాయాలి?" అని అడిగింది.

మీ నాయనమ్మ పేరు రాయమన్నాను. తర్వాత నీ పేరు కూడా రాసుకోమన్నాను.